ఎడమ వైపు పరుపులు

పోయిన వారం మనం టేపక్కని రేసు ఆఫీసు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో పాత ఫైలు. పందొమ్మిదేళ్ళుగా ఒక్క కొండ రేసు కూడా పెట్టని సైకిల్ సంఘం బీరువాలో, కొండ రేసు కాగితాలున్న ఫైలు. అడుగున సంతకం ఎవరిదో కాదు, ఆమె సొంత బాబాయిది. కొండ అన్న మాట వినగానే మొహం మాడ్చుకునే మనిషి, ఒకప్పుడు తనే కొండ మీద రేసు నడిపాడన్నమాట. "ఇదేంటి బాబాయ్?" అని ఆమె అడిగింది. నంబరు గుడ్డకి పిన్నీసు గుచ్చుతున్న ఆయన తలెత్తి చూశాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారు పడొద్దు, మిగతాది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టేపక్క రోడ్ల శాఖలో సర్వేయరు. ఏ వేళప్పుడు చూసినా చేతిలో కొలత టేపు ఉంటుందని రేసులు తొక్కే పిల్లలు పెట్టిన పేరది. ఒకప్పుడు తనూ తొక్కింది. ఇప్పుడు తొక్కేది ఆమె చెల్లెలు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని బాబాయే దానికి తూనీగ అని పేరు పెట్టాడు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ సీటు పట్టుకుని, వెనకాల పరిగెత్తి సైకిల్ నేర్పింది కూడా ఆయనే.

ఇక మన దేశవాళీ రేసుల సంగతి. అన్నీ ఒకటే మూస. వెడల్పాటి చదును రోడ్డు, నలభై కిలోమీటర్లు పోవడం, అక్కడ పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరగడం, నలభై కిలోమీటర్లు వెనక్కి రావడం. అందరూ గుంపుగా కబుర్లాడుకుంటూ వచ్చి ఆఖరి మూడొందల మీటర్లలో మాత్రం పళ్ళు బిగించి కొట్టుకుంటారు. తొక్కేవాళ్ళే దీనికి ఊరేగింపు అని పేరు పెట్టుకున్నారంటే చూడండి. కిందటేడు ఆ ఊరేగింపులో ముందొచ్చిన నలుగురమ్మాయిలు బయటి దేశం రేసుకి వెళ్ళారు. మొదటి గంటలో, మొదటి కొండ దగ్గర, నలుగురూ గుంపులోంచి రాలిపోయారు. వాళ్ళలో తూనీగ ఒకతె. "అక్కా, వాళ్ళ కాళ్ళేం మా కాళ్ళకంటే గొప్పవి కావు. మాకు అలవాటే లేదు, అంతే," అని వచ్చి అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు టేపక్కని నిద్రపోనివ్వలేదు. ఏడాది తిరక్కుండా జాతీయ రేసుకి కొత్త దారి గీసింది. పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు, అందులో నాలుగు కిలోమీటర్లు నిట్టనిలువు ఎక్కుడు, ఆ వెంటనే మెలికల దిగుడు. ఆడవాళ్ళకి తొమ్మిది చుట్లు. జాతీయ జట్టుని ఎంపిక చేసేవాళ్ళు రేపు స్వయంగా చూడ్డానికొస్తున్నారు. కొండ దారైతేనే జట్టు ఎంపిక, పాత రోడ్డైతే ఈ ఏడు ఎవరినీ తీసుకోబోమని ముందే కాగితం పంపారు. తూనీగకి ఇరవై తొమ్మిది నిండాయి. ఇంకో ఏడాది ఆగే వయసు కాదు.

అయితే కొండ దారికి భద్రతాధికారి సంతకం కావాలి. ఈ రోజు సాయంత్రం ఐదింటిలోపు. అది పడకపోతే రేసు పాత రోడ్డు మీదికే పోతుంది. ఆ భద్రతాధికారి బాబాయ్. ఇప్పుడు టైము మూడూ యాభై.

"తలుపెయ్యి," అన్నాడు బాబాయ్.

టేపక్క తలుపేసింది. అది ఒక బడిలోని డ్రాయింగు గది. రెండు రోజుల కోసం రేసు ఆఫీసు అయింది. పిల్లలు గీసిన కుండల బొమ్మలు, ఆకుల బొమ్మలు గోడల నిండా ఉన్నాయి. బల్లల మీద నంబరు గుడ్డలు, పిన్నీసుల డబ్బాలు, చుట్ట చుట్టిన ఎర్ర జెండాలు. కిటికీ కింద పద్నాలుగు వాకీటాకీలు రేపటి కోసం వరసగా ఛార్జింగులో ఉన్నాయి. ఒక్కో పోస్టుకీ ఒకటి.

"ముందు సంతకం పెట్టు బాబాయ్. తరవాత ఎంతసేపైనా మాట్లాడుకుందాం."

"పెట్టను."

"ఎందుకు పెట్టవు? రోజుకో సాకు చెప్పావు. మొన్న, సగం మంది రెండో చుట్టుకే రేసు వదిలేస్తారన్నావు. మూడు తరగతులు చేశాను. కొత్తవాళ్ళకి మూడు చుట్లే. నిన్న, వెనకబడ్డవాళ్ళని మధ్యలో ఆపేస్తే అవమానమన్నావు. ఆపిన చుట్టు దాకా వాళ్ళ పేరూ స్థానం రాసేలా రూలు మార్చాను. ఇంకేం మిగిలింది?"

"ఎక్కేదాని గురించి నాకు పేచీ లేదమ్మాయ్. చచ్చీచెడీ ఎక్కుతారు. ఎక్కలేకపోతే దిగి నడుస్తారు. దిగేదాని గురించే నా భయం."

"భయమా, పంతమా? చదును రోడ్డు మీద నువ్వు తర్ఫీదిచ్చే జట్టు పిల్లలు గెలుస్తున్నారు. కొండ వస్తే గెలవరు. బయట అందరూ ఇదే అనుకుంటున్నారు తెలుసా?"

మాట నోరు దాటాక గానీ అదెంత పెద్ద మాటో ఆమెకి తెలియలేదు. బాబాయ్ కోప్పడతాడనుకుంది. ముక్కు మీద కోపం ఉన్న మనిషే. కానీ ఆయన చేతిలోని పిన్నీసు మూసి డబ్బాలో వేసి, ఇంకోటి తీసి, దాన్ని కూడా మూసి డబ్బాలో వేశాడు.

"మీ బ్రేకుల మావయ్య ఎక్కడున్నాడు?" అని అడిగాడు.

బ్రేకుల మావయ్య అంటే పిన్ని తమ్ముడు, సంఘానికి మెకానిక్కు. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. చేతికి ఏ సైకిలు వచ్చినా బ్రేకులు ఒకటికి మూడుసార్లు చూడందే వదలడు. "మావయ్యా, నీ కుర్చీకి కూడా బ్రేకులు వేయించుకో," అని పిల్లలు ఏడిపిస్తారు. ఆయనా నవ్వుతాడు. నవ్వుతూనే నాలుగోసారి చూస్తాడు.

"కొండ మీదున్నాడు. తూనీగతో వెళ్ళాడు. రోడ్డు ఐదింటి దాకా మూసి ఉంచారుగా, ప్రాక్టీసుకి. తక్కిన జట్లు పొద్దున్నే కారు వెనకాల మెల్లగా చూసుకెళ్ళాయి. ఇది డ్యూటీ దిగి వచ్చేసరికి రెండున్నరైంది. ఒక్క చుట్టైనా పూర్తి వేగంతో తొక్కాలంది."

బాబాయ్ పిన్నీసుల డబ్బా పక్కకి నెట్టాడు. "పూర్తి వేగంతోనా?"

"మరి రేపు మెల్లగా తొక్కుతుందా?"

ఆయన ఫైలు అందుకుని తెరిచాడు. చూడకుండానే కావలసిన పేజీ దగ్గర ఆగాడు. పోస్టుల పట్టిక అది. దారి పొడవునా ఏ మలుపు దగ్గర ఎవరు నిలబడాలో, ఏం సామాను పెట్టాలో రాసే కాగితం. ఆ కాగితం మూస ఆయన తయారుచేసిందే. ఇప్పటికీ సంఘంలో ప్రతి రేసుకీ అదే మూస. నాలుగు గళ్ళు: పోస్టు, మలుపు, వైపు, సామాను.

"పందొమ్మిదేళ్ళ కిందట నాక్కూడా నీలాగే పట్టుదల ఉండేది," అన్నాడు బాబాయ్. "ఊరేగింపులు చాలు, నిజం రేసు పెడదాం అన్నాను. ఆ కొండే. దిగుడులో ఆ పెద్ద మలుపే. నువ్వు దానికి తొమ్మిదో పోస్టు అని పేరు పెట్టావు. అప్పుడది ఏడు."

"అక్కడేగా పరుపులు పెట్టించాను?"

"నేనూ పెట్టించాను. బళ్ళో పిల్లలు పిల్లిమొగ్గలు వేసే పరుపులు, పన్నెండు. ముందుగా దిగినవాడు మా బావమరిది."

బ్రేకుల మావయ్య చెయ్యి గురించి ఇంట్లో ఒకటే మాట చెప్పేవారు: ప్రాక్టీసులో పడ్డాడు, బ్రేకు ఆలస్యంగా పట్టాడు, అంతే. రేసులో పడ్డాడని ఎవరూ అనలేదు. పిన్ని కూడా అనలేదు.

"ఆ మలుపులో వేగం ఎక్కువైతే బయటికి కొట్టుకుపోతారు. అది ఎవరైనా చేసే తప్పే, అందుకేగా పరుపులు? వీడు బయటికే కొట్టుకుపోయాడు. అక్కడ పరుపుల్లేవు. మోకాలెత్తు రాతి గోడ ఉంది."

"పరుపులు పెట్టించానన్నావుగా?"

"పెట్టించాను. అవతలి పక్క ఉన్నాయి."

"ఎవడు చేశాడు ఆ వెధవ పని?"

"నేను రాసిన చోటే పెట్టారమ్మా," అన్నాడు బాబాయ్. "వాళ్ళ తప్పు ఇసుమంత కూడా లేదు. ఆసుపత్రిలో మెలకువ రాగానే వాడు నన్ను పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'బావా, బ్రేకు లేటుగా పట్టాను, నీ రేసు పాడుచేశాను,' అన్నాడు. నిజం చెప్పాల్సింది. నాలిక దాకా వచ్చింది. ఇవాళ కాదులే, కాస్త కోలుకోనీ అనుకున్నాను. అలా అనుకుంటూ పందొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. వాడు ఇప్పటికీ ప్రతి సైకిలుకీ బ్రేకులు మూడుసార్లు చూస్తాడు. మీరు నవ్వుతారు. నేను లేచి బయటికి పోతాను."

టేపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతకాలం ఈయన దగ్గరే కూర్చుని, ఈయన చెప్పిందే వేదమనుకుని పెరిగింది. "నీ ఒక్కడి తప్పు దాచుకోడానికి, దేశంలో ఎవరికీ కొండ లేకుండా చేశావన్నమాట. తూనీగ ఆ బయటి దేశంలో మొదటి గంటలోనే రాలిపోయి సిగ్గుతో ఏడ్చిందంటే దానికి కారణం నువ్వు. మావయ్య పందొమ్మిదేళ్ళు తనని తాను తిట్టుకున్నాడంటే దానిక్కూడా నువ్వే. నీకసలు అన్నం ఎలా సయించింది బాబాయ్?"

ఆయన తిట్టించుకోవడానికే కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని గడియారం చూసింది. నాలుగూ ఐదు.

"సరే. ఏం రాశావు అంత తప్పు? అది చెప్పు. అలాంటిది నా దారిలో లేదని చూపిస్తాను, సంతకం పెట్టు. మావయ్యకి నువ్వే చెప్పాలి, ఈ రాత్రి దాటకూడదు. కానీ తూనీగ రేపటి రేసు దీనికి బలి కాకూడదు."

"తప్పేం రాయలేదు. అదే వచ్చిన చిక్కు. చూస్తే అందులో తప్పు కనపడదు." బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. "లే. అలా నిలబడు. నాకు ఎదురుగా."

"ఇప్పుడు ఆటలేంటి బాబాయ్?"

"నిలబడమంటున్నానుగా!"

నిలబడింది. ఆయన బల్లకి అటు, ఆమె ఇటు, ముఖాముఖీ.

"నువ్వు కొండ మీంచి దిగుతున్నావు. నేను మలుపు దగ్గర జెండా పట్టుకుని, వచ్చేవాళ్ళు కనపడాలని పైకి చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు నీ ఎడమ చెయ్యి ఎత్తు."

ఎత్తింది. ఆయనా తన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆమె చెయ్యి కిటికీ వైపు ఉంది. ఆయన చెయ్యి తలుపు వైపు ఉంది.

ఇద్దరూ అలా చేతులెత్తుకుని ఎంతసేపు నిలబడ్డారో. ఎవరైనా తలుపు తోసుకుని వస్తే, ముసలాయన, ఉద్యోగస్తురాలు కలిసి డ్రిల్లు చేస్తున్నారనుకునేవారు.

"ఎడమ వైపు పరుపులు అని రాశాను," అన్నాడు బాబాయ్. "నేను సైకిలు మీద పెరిగినవాణ్ణి. నా మటుకు ఎడమంటే ఒకటే, తొక్కేవాడి ఎడమ. ఇంకో ఎడమ ఉంటుందని బుర్రకే తట్టలేదు. పోస్టులో నిలబడ్డాయన జన్మలో రేసు తొక్కలేదు. తన ఎడమ పెట్టాడు. ఆ తరవాత అన్నీ చదును రోడ్లే కాబట్టి పరుపుల అవసరమే రాలేదు. ఆ 'వైపు' గడి అప్పట్నుంచీ ఖాళీగానే ఉంది."

టేపక్క చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించడం మర్చిపోయింది. ఆమె చూపు ఆయన భుజం మీదుగా గోడకి అంటించిన కాగితం మీద పడింది. రేపటి పోస్టుల పట్టిక. తన చేత్తో నింపింది, పద్నాలుగు నకళ్ళు తీయించి పద్నాలుగు మందికీ పంచింది. తొమ్మిదో వరస ఇక్కడికి కూడా స్పష్టంగా కనపడుతోంది.

తొమ్మిది. కుడి మలుపు. ఎడమ వైపు. పరుపులు పదహారు.

ఒక్కో అంగుళం టేపుతో కొలిచింది. రోడ్డు మీద గులకరాళ్ళు ఊడిపించింది. గుంత కనపడితే పూడ్పించింది. పొద్దున ఎనిమిది పోస్టులు స్వయంగా తిరిగి చూసింది. తొమ్మిది నుంచి చూద్దామనుకునేలోపు సంతకం గొడవ వచ్చి ఇక్కడికి రావలసి వచ్చింది. తను కూడా సైకిలు మీద పెరిగిందే. తనకి కూడా ఎడమంటే ఒకటే.

అంతకంటే దారుణమైన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం తూనీగ షూ లేసు కట్టుకుంటూ, "ఆ తొమ్మిదో మలుపు ఒక్కటే దడగా ఉందక్కా," అంది. "పరుపులు ఉన్నాయిగా, పిచ్చిదానా. బ్రేకు మీద చెయ్యి తీసేసి దిగు," అని చెప్పింది తనే. నెత్తి మీద మొట్టికాయ వేసి మరీ చెప్పింది.

"ఏమైంది?" అన్నాడు బాబాయ్. ఆమె చూస్తున్న వైపు తిరిగాడు. కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"ఫోను చెయ్యి," అన్నాడు. "ముందు మావయ్యకి చెయ్యి."

కంగారులో రెండుసార్లు తప్పు పేరు నొక్కింది. మూడోసారి మావయ్య పేరు పడింది. అందుబాటులో లేదంది ఫోను. కొండ నెత్తిన సిగ్నల్ ఉండదని ఆమెకి తెలుసు. అందుకేగా వాకీటాకీలు తెప్పించింది. అవి కిటికీ కింద పద్నాలుగూ బుద్ధిగా ఛార్జింగు ఎక్కుతున్నాయి. తూనీగకి చేస్తే, ఆ ఫోను ఈ గదిలోనే, దాని సంచీలో మోగింది. బాబాయ్ సంచీ వైపు చూసి, మళ్ళీ పట్టిక వైపు తిరిగాడు.

"తొమ్మిదో పోస్టులో ఎవరు?"

"మందుల షాపాయన."

మందుల షాపాయన బంగారంలాంటి మనిషి. ముప్పై ఏళ్ళుగా డాక్టరు చీటీలో ఏం రాసి ఉంటే అది రాసినట్టు ఇవ్వడమే ఆయన పని, సొంత తెలివి ఒక్క మాత్ర కూడా కలపడు. ఆ నమ్మకంతోనే టేపక్క ఏరికోరి ఆయన్ని అన్నిటికంటే కష్టమైన మలుపులో నిలబెట్టింది. ఇప్పుడు ఆ నమ్మకమే ఆమె గొంతు పట్టుకుంది.

ఫోను మోగింది. ఒకసారి. రెండుసార్లు. నాలుగోసారికి ఎత్తాడు.

"ఆఁ, మేడం, నమస్కారం! ఇక్కడ అంతా రెడీ. ఏం బెంగ పెట్టుకోకండి. గాలి మాత్రం బాగా వేస్తోంది."

"పరుపులు... పరుపులు పెట్టేశారా?"

"పొద్దున్నే పెట్టేశాం మేడం. పదహారూ పెట్టి తాళ్ళతో బిగించాం. ఏనుగు గుద్దినా కదలవు."

"ఏ వైపు పెట్టారు?"

"మీరు రాసినట్టే. ఎడమ వైపు." ఆయన కాస్త నొచ్చుకున్నట్టు వినిపించింది, రాసింది రాసినట్టు చేసినవాణ్ణి అనుమానిస్తారా అన్నట్టు. "ఇటు పక్క కరెంటు స్తంభం కూడా ఉంది కదా, దానికే కాబోలు అనుకున్నాం. అటు పక్క గోడ ఉంది కాబట్టి పరవాలేదని మీరు వదిలేసినట్టున్నారు."

కరెంటు స్తంభం ఉన్నది మలుపు లోపలి పక్క, గోడ ఉన్నది బయటి పక్క. జవాబేమిటో టేపక్కకి తెలిసిపోయింది. అయినా అడిగింది, ఇంకో జవాబు వస్తుందేమోనన్న ఆశతో.

"ఎవరి ఎడమ?"

"అదేంటి మేడం? ఎడమ ఎవరిదైనా ఎడమే కదా. నేను పైకి చూస్తూ నిలబడ్డాను. నా ఎడమే."

"వినండి. నే చెప్పేది జాగ్రత్తగా వినండి. ఆ ఎర్ర జెండా తీసుకుని పైకి పరిగెత్తండి. పరుపులు వదిలెయ్యండి. మలుపుకి వంద అడుగుల ముందు, రోడ్డు మధ్యలో నిలబడి..."

"ఒక్క నిమిషం మేడం, గాలికి సరిగ్గా వినపడట్లేదు."

ఫోనులో గాలి హోరు. ఆ హోరులోంచి సన్నగా ఇంకో చప్పుడు. తొక్కడం ఆపేసి వదిలేసిన చక్రం చేసే కరకరమనే చప్పుడు. టేపక్క ఆ చప్పుడు నిద్రలో విన్నా పోల్చుకోగలదు. పక్కనున్న బాబాయ్ కూడా విన్నాడు. ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆఁ, మేడం," అన్నాడు మందుల షాపాయన సంతోషంగా. "మీ చెల్లెలు గారే అనుకుంటా, వచ్చేస్తున్నారు. అబ్బ, ఏం వేగమండీ బాబూ! బ్రేకు మీద చెయ్యే లేదు."